ఎఫ్ డ్రైవ్ తీసేసిన రోజు

ముప్పై ఏళ్లు నెల్లూరు, కొడవలూరు, బుచ్చిరెడ్డిపాలెం మధ్య స్కూటర్ మీద తిరుగుతూ కంప్యూటర్లు బాగుచేశాను. మొదట ఒక షాపులో జీతానికి, తర్వాత సొంతంగా. పని మానేసి రెండేళ్లయింది. ఈ మధ్య బుచ్చిలో ఈ పనిలోకి కొత్తగా దిగిన నలుగురు మా ఇంటికొచ్చి, "సార్, మీకు తెలిసింది కాస్త రాసివ్వండి" అన్నారు. సాఫ్ట్‌వేర్ల పేర్లు, కొట్టాల్సిన ఆదేశాలు వాళ్లకు ఫోన్‌లోనే దొరుకుతాయి. దొరకనివి రాద్దామని కూర్చున్నాను.

ఏ పని చేసినా డైరీలో రాసుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఎవరి యంత్రం, వాళ్లేం చెప్పారు, నేనేం చూశాను, ఏం చేశాను. నాలుగే వరసలు. ఇది రాయడానికి పాత డైరీలన్నీ దించి చదివితే ఒక సంగతి కనపడింది. నేను తప్పు చేసిన ప్రతిచోటా "ఏం చెప్పారు" అన్న వరస పొడుగ్గా ఉంది, "ఏం చూశాను" అన్నది పొట్టిగా ఉంది. కొన్నిచోట్ల ఖాళీగా కూడా ఉంది.

శేషారెడ్డి గారి దగ్గర

నాకు పని నేర్పింది నెల్లూరులో సర్వీసు షాపు నడిపిన శేషారెడ్డి గారు. యంత్రం బల్ల మీదికి రాగానే స్క్రూడ్రైవర్ తీసేవాడంటే ఆయనకు ఒళ్లుమంట. "చేతులు కట్టుకోరా. పది నిమిషాలు ఊరికే చూడు. అది ఏం చేస్తుందో అది చేయనీ" అనేవారు. అంత ఓపికగా నేర్పేవారిని నేను మళ్లీ చూడలేదు.

ఆయన నేర్పినవన్నీ మంచివి కావు. అది కూడా రాయాలి. మా చేతిలో ఏదన్నా చెడితే కస్టమర్‌కు ఏం చెప్పాలో ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. "హార్డ్ డిస్క్ పోయిందని చెప్పు. దాన్ని ఎవడూ విప్పి చూడడు." ఈ మాట జిల్లాలో అన్ని షాపుల్లోనూ ఉంది. నేనూ రెండుసార్లు వాడాను. ఆ రెండు రోజులూ డైరీలో నాలుగో వరస రాయలేదు.

ఆ రోజుల్లోనే మేం ఊరందరికీ ఒక పాఠం చెప్పాం. "సిలో ఏమీ పెట్టుకోవద్దండీ. విండోస్ పాడైతే సిని తుడిచేస్తాం. మీవన్నీ డిలో పెట్టుకోండి." బియ్యం మిల్లుల్లో, బడుల్లో, ఫోటో స్టూడియోల్లో, పోయిన ప్రతిచోటా ఇదే చెప్పాం. జనం నేర్చుకున్నారు. "సిలో ఏమన్నా ఉందా?" అని మేం అడగడం, "ఏమీ లేదు సార్" అని వాళ్లనడం, మేం తుడవడం. ముప్పై ఏళ్లు ఇలాగే గడిచింది.

మిల్లులో పుట్టిన అక్షరం

కంప్యూటర్‌లో కనపడే సి, డి అనే అక్షరాలు గదుల తలుపుల వంటివి. మామూలుగా ఒక్కో తలుపు వెనక ఒక్కో గది ఉంటుంది. కొన్నిసార్లు వెనక గది లేని తలుపు పుడుతుంది. కొన్నిసార్లు ఉన్న గదికే రెండో తలుపు పుడుతుంది. ఈ రెండు రకాలనూ వర్చువల్ డ్రైవ్ అనే అంటారు. తీసేసే ముందు అది ఏ రకమో తెలుసుకోవాలి. పనంతా అక్కడే ఉంది.

మొదటి రకం కొడవలూరు దగ్గర ఒక మిల్లులో చూశాను. అక్కడి గుమాస్తా పెంచలయ్య ఫోన్ చేసి, "సారూ, అర్జెంటుగా రండి. నేనేం కొనలేదు, ఏం పెట్టలేదు. జి అని ఒకటి పుట్టింది" అన్నాడు.

నేను వెళ్లేసరికి మిల్లు యజమాని కూడా అక్కడే ఉన్నాడు. "ఎప్పుడు పుట్టిందంటావు పెంచలయ్యా?" అని అడిగాడు.

"పొద్దున తొమ్మిదింటికి చూసినా సామీ."

"ఆడా, మగా?"

"మీకు నవ్వులాటగా ఉండాది. రేపు ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాది."

ఇంటర్నెట్ కోసం వాళ్లు కొత్తగా తగిలించిన డాంగిల్ తనతోపాటు ఒక ఉత్తుత్తి సీడీ డ్రైవ్ తెచ్చుకుంది. అంతే. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి, అక్షరం తీసేశాను. రెండు నిమిషాలు. పెంచలయ్య నాకు టీ తెప్పించి, "అయితే దాన్ని ఎక్కడికి పంపించినారు సారూ?" అని అడిగాడు. ఎక్కడికీ పంపలేదని, అసలు అక్కడేమీ లేదని ఎంత చెప్పినా నమ్మలేదు.

అప్పుడు నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకు చేటు చేసింది. అదనపు అక్షరం కనపడితే వెనక ఏమీ ఉండదన్న ధీమా ఆ రోజు నుంచే మొదలైంది.

షాహీన కంప్యూటర్

ఇది నా పని చివరి సంవత్సరంలో జరిగింది.

బుచ్చిలో జిలానీ సాహెబ్ అని మగ్గం పని చేసే ఆయన ఉన్నారు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. చీరల మీద, రవికెల మీద జరీతో, పూసలతో కుట్టే డిజైన్లు ఆయన సొంతంగా గీసేవారు. గీయడమంటే పెన్సిల్‌తో కాదు. ట్రేసింగ్ కాగితం మీద సూదితో వరసగా గుచ్చుతారు. ఆ కాగితం గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దితే చిల్లుల్లోంచి దిగి, గుడ్డ మీద బొమ్మ పడుతుంది. దాని మీద కుట్టుకుంటూ పోతారు.

ఆయన కూతురు షాహీన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను పెట్టింది. తండ్రి గుచ్చిన కాగితాలు చూసి, ఒక్కో గీతనూ కంప్యూటర్‌లోకి ఎక్కించేది. ఒక్క డిజైన్‌కు రెండు మూడు రోజులు పట్టేది. ఈలోగా జిలానీ సాహెబ్ కంటిచూపు పోవడం మొదలైంది. తిరిగి రాదని డాక్టర్లు చెప్పారు. ఆయన అప్పటి నుంచి తొందరపడి, తన ఉస్తాద్ నేర్పినవి, తాను చిన్నప్పుడు చూసినవి గుర్తు తెచ్చుకుని గుచ్చుతూ పోయారు. ఏడాదిన్నరలో తొంభై ఆరు కాగితాలు. కొంచెం చూపున్నప్పుడు కూతురి పక్కన కూర్చుని, "ఇది తొడిమ, ఇది ఆకు, ఇక్కడ దారం మలుపు" అని చెప్పి ఎక్కించారు. నేను వెళ్లేనాటికి ఆయనకు వెలుతురు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

షాహీన నన్ను పిలిచింది చిన్న ఇబ్బందికి. కొత్త మిషనుకు డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ తగిలిస్తే కంప్యూటర్‌లో కనపడడం లేదు.

"ఈ ఎఫ్ అనేది అడ్డం పడతా ఉండాది సార్. పెన్‌డ్రైవ్ పెట్టి ఎఫ్ తెరిస్తే నా డిజైన్లే కనపడతాయి. దాన్ని తీసేయండి, మాకొద్దు."

చూశాను. విండోస్ పెన్‌డ్రైవ్‌కు ఎఫ్ అక్షరమే ఇస్తోంది. అప్పటికే ఎఫ్ పేరుతో ఒక వర్చువల్ డ్రైవ్ కూర్చుని దాన్ని కప్పేస్తోంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు తమ వీలు కోసం పెట్టి వెళ్లిన అక్షరం అది. డిలో "డిజైన్లు" అని ఒక ఫోల్డరు ఉంది. అది తెరిచాను. ఎఫ్ తెరిచాను. పైనున్న పేర్లు రెండింట్లోనూ అవే. ఎఫ్ అంటే డిలోని ఫోల్డరుకు రెండో తలుపన్నమాట అనుకున్నాను.

ఆమె ఇంకో మాట అంది. "ఎట్లాగూ వచ్చినారు గదా సార్, మరీ నిదానమైపోయింది. విండోస్ కొత్తగా ఎక్కించి పోండి."

"సిలో ఏమన్నా ఉందా అమ్మా?"

"ఏమీ లేదు సార్. సిలో పెట్టొద్దని మీరే గదా మాకు చెప్పింది."

సిని తుడిచేసి, విండోస్ ఎక్కించి, సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఎఫ్ పోయింది. పెన్‌డ్రైవ్ కనపడింది. డైరీలో ఇలా రాశాను: "సి శుభ్రం చేశాను. ఎఫ్ పోయింది. మూడుంపావు. పని పూర్తి."

పెన్ను జేబులో పెట్టుకుంటుంటే ఆమె అంది, "సార్, కంకుల అంచు డిజైన్ కనపడడం లేదే."

నాలుక మీదికొచ్చిన మాట

డిలో ఉన్నది ఏడాదిన్నర కిందట నా మాట విని ఆమె తీసుకున్న నకలు. అంతకుముందున్న పాత డిజైన్లు మాత్రమే అందులో ఉన్నాయి. పైవరసల పేర్లు రెండుచోట్లా ఒకటే కావడానికి కారణం అది. ఎఫ్ అనే తలుపు నిజంగా తెరుచుకునేది సిలోని ఒక ఫోల్డరులోకి. సిలో ఆమె ఏమీ పెట్టలేదు, నిజమే. సాఫ్ట్‌వేరే వాటిని అక్కడ పెట్టింది. తండ్రి చూపు పోతూ పోతూ గుచ్చిన తొంభై ఆరూ అందులోనే ఉన్నాయి.

ఇక్కడ ఆగి, చేయాల్సింది రాస్తాను. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి సబ్‌స్ట్ అని ఒక్క మాట కొడితే ఏ అక్షరం ఏ ఫోల్డరుకు దారి తీస్తుందో అది ఒక్క వరసలో చెప్పేస్తుంది. ఆ కిటికీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే చాలాసార్లు ఏమీ చూపించదు, మామూలుగానే తెరవాలి. చూపించిన ఫోల్డరును ముందు వేరేచోటికి నకలు తీయాలి. నకలు తెరిచి చూడాలి. ఆ తర్వాత అదే మాటకు అక్షరం, రెండు చుక్కలు, ఏటవాలు గీత, డి చేర్చి కొడితే అక్షరం ఒక్కటే పోతుంది, ఫోల్డరు ఉంటుంది. కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు ఆ అక్షరం తిరిగొస్తే, దాన్ని పుట్టించే చిన్న ఫైలు స్టార్టప్‌లో ఉంటుంది, దాన్నీ తీయాలి. అర నిమిషం పని. ముప్పై ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి నేను యంత్రాన్ని ఆ మాట అడగలేదు. పది నిమిషాలు చేతులు కట్టుకుని చూడమన్న శేషారెడ్డి గారి మాట వినలేదు. వినివుంటే ఎఫ్‌లోనూ సిలోనూ మిగిలిన ఖాళీ ఒకటే అంకె చూపిస్తోందని కంటికి తగిలేది.

షాహీన నా మొహం చూసింది. "ఏమైంది సార్? హార్డ్ డిస్క్ పోయిందా?"

అడక్కుండానే మాట అందించింది. అవునంటే చాలు. ఆమె నాకు టీ ఇచ్చి పంపించేది.

"డిస్క్ బాగానే ఉందమ్మా. నేను తుడిచేశాను" అన్నాను.

ఆమె మిషను స్విచ్ ఆపి, కిందికి చూస్తూ, "నాయనకు చెప్పొద్దు సార్. ఆయన కండ్లు పోయినాయని ఏడవలా. అన్నీ దాంట్లో ఉండాయి గదా అని నిబ్బరంగా ఉండాడు" అంది.

చెప్పనని మాటిచ్చాను. వెంటనే కంప్యూటర్ ఆపి, డిస్క్ విప్పి ఇంటికి తెచ్చాను. తుడిచిన డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా ఉంటే పాతవి కొన్ని వెనక్కి వస్తాయి. నేనప్పటికే విండోస్ ఎక్కించేశాను. అయినా నా యంత్రానికి తగిలించి రెండు రోజులు వెతికించాను. యాభై ఎనిమిది బయటికొచ్చాయి. పేర్లు లేవు, ఒట్టి అంకెలు. ముప్పై ఎనిమిది రాలేదు.

మూడో రోజు పొద్దున డిస్క్ తీసుకుని వెళ్లాను. జిలానీ సాహెబ్ వరండాలో కుర్చీ మీద ఉన్నారు. నా స్కూటర్ చప్పుడు ఆయనకు తెలుసు.

"సుబ్బరామయ్యా, రెండు రోజులుగా మా ఇంట్లో మిషను చప్పుడు లేదు. కూతురేమో కరెంటు లేదంటుంది. నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతానే ఉండాది. ఎవరు చచ్చిపోయినారో చెప్పు."

షాహీన గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆమెకిచ్చిన మాట తప్పి, జరిగిందంతా ఆయనకు చెప్పాను.

ఆయన "ఎన్ని పోగొట్టినావు?" అన్నారు.

"ముప్పై ఎనిమిది సాహెబ్ గారూ. దొరికినవాటికి కూడా పేర్లు లేవు."

"నాకు పన్నెండేళ్లప్పుడు మా ఉస్తాద్ కుడతా ఉన్న పెండ్లి చీర మీద కిరోసిన్ ఒలకబోసినా. ఆయన నన్ను కొట్టలా. పక్కన కూర్చోబెట్టుకుని ఆ చీర మొత్తం మళ్లీ నా చేతనే కుట్టించినాడు. నాలుగు నెలలు. కొట్టింటే బాగుండుననిపించింది." ఆయన నా వైపు మొహం తిప్పారు. "నిన్ను నేను ఏమీ అనను. రోజూ మూడు గంటలకు రా."

మూడు గంటలకు

తర్వాత జరిగింది నాకు ఎక్కడా నేర్పని పని.

గుచ్చిన కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి, కిరోసిన్ వాసనతో, చుట్టలు చుట్టలుగా, అటక మీద. ఏ కాగితం మీదా పేరు లేదు. ఆకు గీత మీద తీగ గీత పడి, చూసేవారికి ఒట్టి చిల్లుల గుంపులాగా ఉంది. ఏ చిల్లు తర్వాత ఏ చిల్లో ఆయనకొక్కరికే తెలుసు. ఆయనకు చూపు లేదు కాబట్టి అవి ఇక పనికిరావని షాహీన అనుకుంది. నేనూ అనుకున్నాను.

మొదటి రోజు ఆయన కాగితం ఒళ్లో పరుచుకుని, వెనక్కి తిప్పి, చూపుడువేలు పెట్టారు. సూది దిగిన చోట వెనక వైపు చిన్న గరుకు లేస్తుంది. వేలు ఆ గరుకు వెంట నడిచింది.

"ఇది చేపముల్లు అంచు. రాసుకో."

రాసుకున్నాను. షాహీన దొరికిన ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి, చేపముల్లు కోసం వెతికింది. దొరికింది. దానికి పేరు పెట్టి డిలో ఒకటి, విడిగా ఒక డిస్క్‌లో ఒకటి దాచాము. సాఫ్ట్‌వేర్ కూడా ఇక నేరుగా డిలోనే వెతుక్కునేలా మార్చాను.

"పులికాట్ కొంగలు. మా అత్తగారి ఊరు దొరవారిసత్రం పోయినప్పుడు చూసినా. కాళ్లు మరీ పొడుగు పెట్టినానే."

"కొంగకు పొడుగే ఉంటాయి నాయనా."

"నీకేం తెలుసు, నువ్వు మిషను మీద కొంగలు కుట్టేదానివి."

అలా రోజుకు నాలుగైదు కాగితాలు. నాకు అప్పగించింది చిట్టా రాసే పని. డిజైన్ పేరు, ఎవరు గుచ్చారు, ఫైలు దొరికిందా లేదా. నేను గీతలు గీసి వరసలు వేస్తుంటే ఆయనకు ఆ చప్పుడు వినపడేది. "ఈయన కంప్యూటర్ మనిషి కాదు, కరణం" అని కూతురితో అనేవారు.

దొరికినవి అయ్యాక దొరకనివి మొదలుపెట్టారు. ఇది కష్టం. ఆయన వేలు కాగితం మీద నడుస్తుంటే షాహీన తన వేలు ఆయన గోరు వెనకే నడిపేది. ఆయన చెప్పింది తెర మీద గీసేది. తండ్రి తిట్టేవారు, ఆమె ఎదురు తిట్టేది. ఒకరోజు ఆకు మలుపు దగ్గర మూడు గంటలు తగాదా పడి, చివరికి ఇద్దరూ నా మీదికి తిరిగారు. "సారే గదా ఇదంతా చేసింది" అంది షాహీన. నవ్వుతూ అనడం అదే మొదటిసారి. అంతవరకూ ఆమె నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. అలా మాట్లాడకపోవడం న్యాయమే.

మీరు ఈ పనిలో చాలా యంత్రాలు చూస్తారు. నేను చెప్పేదొక్కటే. తప్పు చేశాక అక్కడే కూర్చోండి. ఏం చేయాలో మీకు తెలియకపోవచ్చు. అది పోగొట్టుకున్నవారికి తెలిసి ఉండవచ్చు. అబద్ధం చెప్పి టీ తాగి వచ్చేసి ఉంటే, ఆ కాగితాలు అటక మీదే ఉండిపోయేవి.

రెండున్నర నెలలకు ముప్పై ఏడు అయ్యాయి. మిగిలింది ఒక్కటి. షాహీన అంతవరకూ బయటికి తీయని ఆ చుట్ట తెచ్చి ఇచ్చి, ఎందుకో మిషను దగ్గరికి వెళ్లి నిలబడింది.

జిలానీ సాహెబ్ వేలు కొంతదూరం నడిచి ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లింది. కాగితం ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి చూశారు.

"ఇది నాది కాదే" అన్నారు.

నేను చిట్టా చూసుకున్నాను. తొంభై ఆరు అని లెక్క చెప్పింది షాహీనే. "అన్నీ మీవేనని చెప్పింది కదా సాహెబ్ గారూ."

"నా సూది ఇట్టా వాలదు. గరుకు అంతా కుడి పక్కకు తిరిగి ఉండాది. ఇది ఎడమచేత్తో గుచ్చింది." ఆయన తల ఎత్తి మిషను వైపు తిప్పారు. "మన ఇంట్లో ఎడమచెయ్యి ఒకటే ఉండాది."

షాహీన కదల్లేదు. "ఊరికే గుచ్చినా నాయనా. నీ వాటిల్లో కలిపేసినా. ఎవురికీ తెలవదులే అని."

"ఎందుకు చెప్పలా?"

"నీ పక్కన పెట్టేటంత బాగుంటాదా అని."

ఆయన మళ్లీ వేలు పెట్టారు. ఈసారి తొందరపడలేదు. అంచు చివరిదాకా వెళ్లి, పైకి మళ్లి, ఒక పువ్వు చుట్టూ తిరిగి వచ్చారు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను.

"రెండో ఆకు బరువైంది" అన్నారు. "మిగతాది బాగుండాది. మలుపు నాకంటే బాగా తిప్పినావు."

"పేరేం రాయమంటారు?" అని అడిగాను.

"డిజైన్ పేరు దాన్నే అడుగు. ఎవరు గుచ్చినారన్న చోట మాత్రం సరిగ్గా రాయి." కాగితం మడవకుండా ఒళ్లోనే ఉంచుకుని కూతురి వైపు చెయ్యి చాపారు. "ఇదొక్కటేనా, ఇంకా ఉండాయా?"

షాహీన లోపలి గదిలోకి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి ఆమె రెండు చేతుల నిండా కాగితాలున్నాయి.